తరగతి గదికి టీవీయా, ప్రొజెక్టరా, ప్యానెలా, వీఆరా? నల్లగొండ, పాలమూరు బడుల కోసం ఎంపిక సలహా

పూర్వ విద్యార్థులు లక్షో లక్షన్నరో పోగుచేసి "సార్, బడికి ఏమన్నా డిజిటల్‌ది కొనండి" అంటారు. స్టాఫ్ రూంలో మాట నాలుగు దిక్కులకు పోతుంది. లెక్కల సారు ప్రొజెక్టర్ అంటారు, సోషల్ మేడం పెద్ద టీవీ అంటారు, సైన్సు సారు మనసు వీఆర్ హెడ్‌సెట్ల (కళ్లకు పెట్టుకుంటే దృశ్యం చుట్టూ ఉన్నట్టు చూపే పరికరాల) మీద ఉంటుంది. పక్క మండలంలో బడికి ప్యానెల్ (వేలితో ముట్టి నడిపే పెద్ద తెర) వచ్చింది కదా, మనకూ వస్తదేమో ఆగుదామని హెచ్చెం గారు అంటారు. అందరి మాటలోనూ నిజముంది. కానీ నలుగురూ మాట్లాడుతున్నది వస్తువు గురించి. ముందు తేలాల్సింది పాఠం సంగతి: ఏ పాఠం నల్లబల్ల మీద అర్థం కావడం లేదు, ఆ పాఠం చివరి బెంచి పిల్ల దాకా చేరాలంటే ఏం కావాలి?

దేవరకొండ తండాలోని ప్రాథమిక బడికీ, నల్లగొండ పట్టణంలోని జడ్పీ హైస్కూలుకూ, అచ్చంపేట వైపు గురుకులానికీ ఒకే జవాబు కుదరదు. అందుకే ముందు కొలమానాలు చూసి, తర్వాత ఒక్కో వస్తువు దగ్గరికి వెళ్దాం.

కొనేముందు కొలవాల్సినవి

మొదటిది చివరి బెంచి. తెర మీది అక్షరాలు, బొమ్మల్లోని వివరాలు హాయిగా కనపడాలంటే తెర ఎత్తుకు ఆరు రెట్లకు మించిన దూరంలో పిల్లలు కూర్చోకూడదు. దుకాణంలో చెప్పే అంగుళాలు ఐమూల కొలత, అంటే ఒక మూల నుంచి ఎదురు మూల దాకా, ఎత్తు కాదు. మామూలు వెడల్పు తెరలకు లెక్క ఇలా వస్తుంది:

| తెర (ఐమూల) | తెర ఎత్తు | చివరి బెంచి ఉండదగ్గ దూరం |
|---|---|---|
| 43 అంగుళాలు | 21 అంగుళాలు | పదిన్నర అడుగులు |
| 55 అంగుళాలు | 27 అంగుళాలు | పదమూడున్నర అడుగులు |
| 65 అంగుళాలు | 32 అంగుళాలు | 16 అడుగులు |
| 75 అంగుళాలు | 37 అంగుళాలు | 18 అడుగులు |
| 100 అంగుళాలు (ప్రొజెక్టర్) | 49 అంగుళాలు | 24 అడుగులు |

టేపు పట్టుకుని మీ గదిని ఒకసారి కొలవండి. గోడ నుంచి చివరి బెంచి దాకా 20 అడుగులున్న గదిలో 43 అంగుళాల టీవీ పెడితే సగం తరగతికి శబ్దమే పాఠం. ఎక్కువ బడులు పప్పులో కాలేసేది ఇక్కడే, ఎందుకంటే దుకాణంలో ఆరడుగుల దూరం నుంచి చూస్తే 43 కూడా పెద్దగానే కనపడుతుంది.

రెండోది కరెంటు. కోత ఎంతసేపన్నది ఒక్కటే కాదు, వచ్చేటప్పుడు వోల్టేజీ ఎలా వస్తుందన్నది కూడా చూడాలి. వ్యవసాయ మోటార్లు నడిచే ఫీడర్ మీద ఉన్న బడిలో స్టెబిలైజర్ లేకుండా ఏదీ బిగించవద్దు. ఎర్తింగ్ సరిగా లేని గదిలో ప్యానెల్ అంచు ముట్టుకుంటే జివ్వుమంటుంది. కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

మూడోది నెట్టు. సిగ్నల్ మీద ఆధారపడే పాఠం పిరియడ్ మధ్యలో ఆగితే తరగతి మళ్లీ దారిలో పడటానికి పది నిమిషాలు పోతాయి. కాబట్టి ఏది కొన్నా, ముందే దించుకున్న ఫైలుతో నెట్టు లేకుండా నడుస్తుందా అని అడగాలి.

నాలుగోది అంతగా పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఒక్కో పిల్లవాడు ఎంతసేపు ఆలోచిస్తాడు? చూడటం వేరు, చేయడం వేరు. 45 మందిలో ఐదుగురి చేతికి వెళ్లే పరికరం కన్నా, 45 మంది చేతా "ఇప్పుడు ఏమవుతుందో నోటుబుక్కులో రాయండి" అని ముందే ఊహ రాయించే మామూలు టీవీ మెరుగు.

టీవీ, దానికో ల్యాప్‌టాప్

ఈ జిల్లాల్లో ఎక్కువ బడులకు నేను మొదట చెప్పేది ఇదే. 55 లేదా 65 అంగుళాల టీవీ, హెచ్‌డీఎంఐ తీగ, పాతదైనా నడిచే ల్యాప్‌టాప్, విడిగా ఒక స్పీకర్. కిటికీలు తెరిచినా బొమ్మ కనపడుతుంది. 43 అంగుళాలదైతే 80 వాట్లకు అటూఇటూ, 65 అంగుళాలదైతే 150 వాట్లకు అటూఇటూ కరెంటు తింటుంది. మామూలు ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఏహెచ్ కొత్త బ్యాటరీ నుంచి, దాన్ని సగం దాకే వాడితే, 800 వాట్ అవర్ల పైచిలుకు వస్తుంది. అంటే 65 అంగుళాల టీవీ, ల్యాప్‌టాప్ కలిపి దాదాపు నాలుగు గంటలు నడుస్తాయి. బ్యాటరీ పాతబడే కొద్దీ ఇది తగ్గుతుంది.

స్పీకర్ విడిగా ఎందుకంటే, టీవీ స్పీకర్లు వెనక్కో కిందికో చూస్తుంటాయి. నాలుగు ఫ్యాన్లు తిరిగే గదిలో ఆ మాటలు మూడో బెంచి దాటవు.

ఎక్కువ ఇబ్బంది ఫోన్ కలిపేటప్పుడు వస్తుంది. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ కొంటారు, ఇంటికొచ్చి పెడితే తెర నల్లగానే ఉంటుంది. తప్పు తీగది కాదు. ఆ రంధ్రం గుండా వీడియో బయటికి పంపే సదుపాయం ఖరీదైన ఫోన్లలోనే ఎక్కువగా ఉంటుంది, పదిహేను వేల లోపు ఫోన్లలో చాలావాటికి ఉండదు. తీగ లేకుండా స్క్రీన్ మిర్రరింగ్ వాడితే బొమ్మ కొంచెం ఆలస్యంగా కదులుతుంది. వీడియోకు పరవాలేదు, చేత్తో కదిపే ప్రయోగానికి చిరాకు. అందుకే ల్యాప్‌టాప్ అంటున్నాను.

పెన్‌డ్రైవ్‌లో వీడియో వేసి నేరుగా టీవీకి గుచ్చాలనుకుంటే దాన్ని ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేయండి, ఫైళ్లు ఎంపీ4లో ఉంచండి. వేరే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ను కొన్ని టీవీలు చదవవు. ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పాఠానికి పనికొచ్చే ఎనిమిది నిమిషాల వీడియో ఆ దరిదాపులకు కూడా రాదు.

ప్రొజెక్టర్

పెద్ద గది, 60 మంది పిల్లలు, కిటికీలకు తెరలు వేసే వీలు ఉంటే దీన్ని మించింది లేదు. అదే డబ్బుకు 100 అంగుళాల బొమ్మ ఇంక దేనితోనూ రాదు. మామూలు ప్రొజెక్టర్‌కు ఆ సైజు బొమ్మ రావాలంటే గోడకు పదకొండు అడుగుల దూరం కావాలి. షార్ట్ త్రో రకమైతే నాలుగడుగుల లోపే సరిపోతుంది, సార్ నీడ తెర మీద అంతగా పడదు, కానీ ధర పెరుగుతుంది.

పగటి వెలుతురులో తరగతికి కనీసం 3,000 నుంచి 3,500 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు (వెలుగును కొలిచే ప్రామాణిక లెక్క) ఉండాలి. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకు దొరికే చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ల డబ్బా మీద "9,000 ల్యూమెన్స్" అని ఉంటుంది. అది ఏఎన్‌ఎస్‌ఐ లెక్క కాదు. రాత్రి హాస్టల్లో సినిమాకు పనికొస్తుందేమో గానీ, మధ్యాహ్నం రెండు గంటలకు గోడ మీద బూడిద రంగు తప్ప ఏమీ కనపడదు.

ఇంకో రెండు సంగతులు. ఎండాకాలం మన దగ్గర గది వేడికి తోడు సుద్దపొడి ఫిల్టర్‌లో పేరుకుంటే ప్రొజెక్టర్ వేడెక్కి తానే ఆగిపోతుంది. నెలకోసారి ఫిల్టర్ తీసి దులపాలి. రెండోది, బల్బు ఉన్న రకానికి కరెంటు ఠక్కున పోతే లోపలి ఫ్యాన్ ఆగి బల్బు చల్లబడే వీలుండదు, దాని ఆయుష్షు తగ్గుతుంది. ఇన్వర్టర్ లేని బడి బల్బు ప్రొజెక్టర్ జోలికి పోకపోవడమే మంచిది.

ఇంటరాక్టివ్ ప్యానెల్

చాలా జడ్పీ హైస్కూళ్లలో ఇప్పటికే ఉంది. లేని బడి సొంత డబ్బుతో కొనాలా అంటే, లక్షకు పైబడిన ఖర్చు కాబట్టి, నేనైతే వద్దంటాను. అదే డబ్బుకు రెండు గదుల్లో టీవీలు వస్తాయి. ఉన్న బడి మాత్రం దాన్ని వీడియో పెట్టెగా మార్చవద్దు. ప్యానెల్ బలమంతా వేలితో కదపడంలో, రాసింది దాచుకుని మర్నాడు మళ్లీ తెరవడంలో ఉంది.

"దానంతట అదే నొక్కుకుంటోంది సార్" అన్నది తరచూ వినే ఫిర్యాదు. ఎక్కువ ప్యానెళ్లు అంచుల్లోని కనపడని కిరణాలతో వేలిని గుర్తిస్తాయి. పక్కనే నల్లబల్ల ఉంటే సుద్దపొడి ఆ అంచుల్లో పేరుకుని, వేలు పెట్టకున్నా పెట్టినట్టే లెక్కవుతుంది. కిటికీలోంచి నేరుగా పడే ఎండ కూడా ఇదే పని చేస్తుంది. స్విచ్ ఆపి, పొడి మెత్తటి బట్టతో నాలుగు అంచులూ తుడిస్తే చాలాసార్లు అక్కడికే సరిపోతుంది. సర్వీసు వాళ్లకు ఫోన్ చేసే ముందు ఇది చేయండి.

వీఆర్: ఏ పాఠానికి, ఎంతమందికి

దీని మీద ఆశ ఎక్కువ, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మూడు మెట్లున్నాయి.

అట్ట డబ్బా, లోపల ఫోన్: రెండు, మూడు వందల రూపాయల్లో వస్తుంది. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్‌తో మొదలైన పద్ధతి ఇది. టీచర్ ఒకచోట నుంచి తరగతి మొత్తాన్ని యాత్రకు తీసుకుపోయే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ యాప్ 2021లో మూతపడింది. పాత శిక్షణల్లో దాని గురించి విని ఇప్పుడు వెతికితే దొరకదు. 360 డిగ్రీల వీడియోలు మాత్రం యూట్యూబ్‌లో ఉన్నాయి. చిక్కు ఫోన్‌తో వస్తుంది. తల తిప్పితే దృశ్యం తిరగాలంటే ఫోన్‌లో గైరోస్కోప్ ఉండాలి, చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. డబ్బా కొనే ముందే సెన్సర్ చూపించే ఉచిత యాప్‌తో చూసుకోండి. ఇంకోటి, పాత డబ్బాలు ఆరు అంగుళాల లోపు ఫోన్లకు చేసినవి, ఇప్పటి ఆరున్నర అంగుళాల ఫోన్ వాటిలో పట్టదు. వీడియో కనీసం 4కే నాణ్యతలో లేకపోతే మసకగా ఉంటుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న మొత్తం బొమ్మలో ఒక ముక్కే కంటి ముందుంటుంది. ఆ నాణ్యతలో ఏప్రిల్ ఎండకు ఫోన్ పది నిమిషాల్లోనే బాగా వేడెక్కుతుంది.

సొంత తెర ఉన్న హెడ్‌సెట్: మెటా క్వెస్ట్ లాంటివి. అనుభవం ఎంతో మెరుగు. కానీ ఒక్కోటి పాతిక, ముప్పై వేలు దాటుతుంది. అకౌంటు, వైఫై, అప్‌డేట్లు కావాలి. పదేళ్ల లోపు పిల్లలకు మెటా వాళ్ల నిబంధనలే ఒప్పుకోవు, ఆపైన కూడా చిన్నవాళ్లకు తల్లిదండ్రులు నడిపే అకౌంటు ఉండాలి. కాబట్టి ప్రాథమిక బడులు దీన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇక లెక్క చూడండి. ఐదు హెడ్‌సెట్లు, 45 మంది పిల్లలు. తొమ్మిది జట్లు, జట్టుకు నాలుగు నిమిషాలు చూడటం, ఒక నిమిషం మార్చడం, తుడవడం. పిరియడ్ అయిపోయింది. ప్రశ్నకు, చర్చకు నిమిషం మిగలలేదు. వీఆర్ పెట్టాలంటే తరగతిని మూడు భాగాలు చేసి, ఒక భాగం హెడ్‌సెట్ దగ్గర, ఒక భాగం పటం దగ్గర, ఒక భాగం రాత పని దగ్గర ఉండేలా రెండు పిరియడ్లు కలపాలి. పిల్లలను స్టూలు మీద కూర్చోబెట్టి చూపించాలి, నిలబెడితే తూలి పడతారు. కళ్లు తిరుగుతున్నాయన్న పిల్లకు వెంటనే తీసేయాలి, "ఇంకొంచెంసేపు చూడు" అనకూడదు. మూర్ఛ వచ్చే పిల్లలకు అసలు పెట్టవద్దు.

మూడో మెట్టుకు డబ్బా కూడా అక్కర్లేదు. అదే 360 డిగ్రీల వీడియోను టీవీ మీద పెట్టి, మౌస్‌తో తిప్పుతూ "ఎడమవైపు తిప్పమందామా, పైకి చూద్దామా" అని పిల్లలనే అడగడం. లోపల ఉన్నామన్న భావన తగ్గుతుంది, నిజమే. కానీ 45 మందీ ఒకే చోట, ఒకే క్షణంలో చూస్తారు కాబట్టి మాట్లాడుకోవడానికి వీలవుతుంది. చాలా బడులకు ఇక్కడే ఆగడం సరైన పని.

తెర మీద ఏం నడపాలి

వస్తువు కొన్నాక బడులు తడబడేది ఇక్కడ. ఉచితంగా దొరికేవాటిలో కొన్ని నిజంగా పనికొస్తాయి.

ఫెట్ అనుకరణ ప్రయోగాలు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002 నుంచి చేస్తున్నవి. ఒక్కో ప్రయోగాన్నీ ఒక ఫైలుగా దించుకుంటే బ్రౌజర్‌లో నెట్టు లేకుండా తెరుచుకుంటుంది. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. పదో తరగతి విద్యుత్ పాఠానికి డీసీ సర్క్యూట్ ప్రయోగం ఇలా నడపండి. ఒక బ్యాటరీ, ఒక బల్బు, తీగలు కలిపి వెలిగించండి. రెండో బల్బును శ్రేణిలో కలిపే ముందు ఆగి, "వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా" అని అందరిచేతా రాయించండి. కలపండి. ఆ తర్వాత సమాంతరంగా కలిపే ముందు మళ్లీ రాయించండి. చివరికి అమ్మీటర్ పెట్టి కొలవండి. ఊహ రాయించకుండా చూపిస్తే పిల్లలకు బొమ్మల ఆట చూసినట్టే ఉంటుంది, మర్నాడు అడిగితే జవాబు రాదు. ఇది అయ్యాక నిజమైన టార్చి బల్బులతో ఒకసారి చేయించడం తప్పనిసరి. తెర మీద తీగ ఎప్పుడూ వదులుగా ఉండదు, అసలు తీగ ఉంటుంది. ఆ వదులు తీగను వెతికి పట్టుకోవడం కూడా చదువులో భాగమే.

ఆకారాలు, గ్రాఫులు గీసి కదిపే ప్రోగ్రాం జియోజిబ్రా లెక్కలకు మంచి తోడు. సౌష్టవం చెప్పేటప్పుడు పోచంపల్లి ఇక్కత్ చీర కొంగు ఫోటో తెచ్చి, దాని మీద ప్రతిబింబ రేఖ గీయించండి. పిల్లల ఇళ్లలో మగ్గం ఉంటే ఆ పాఠం వాళ్లే చెప్తారు.

ఆకాశాన్ని తెర మీద చూపే ప్రోగ్రాం స్టెల్లేరియంలో మీ ఊరు పెట్టుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ 17 డిగ్రీల అక్షాంశానికి దగ్గర్లో ఉన్నాయి, కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున అంత ఎత్తులోనే కనపడుతుంది. చేయి చాపి పిడికిలి పట్టుకుంటే దాదాపు పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజును కూడా అందులో ముందే చూపించవచ్చు. ఆ రోజు బడి ఆవరణలో నిట్టనిలువు కర్ర పాతితే దాని నీడ మాయమవుతుంది.

గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి నేల మారిన తీరు చూపే టైమ్‌ల్యాప్స్ ఉంది. మొదటి దృశ్యాల్లో జూరాల జలాశయం ఉండదు, కృష్ణ సన్నగా పారుతుంటుంది. తర్వాత నీళ్లు పరుచుకుంటాయి. గద్వాల వైపు పిల్లలకు ప్రాజెక్టుల పాఠం ఇంతకన్నా బాగా చెప్పలేం. దీనికి మాత్రం నెట్టు తప్పదు. సిగ్నల్ ఉన్నచోట ముందే తెర రికార్డు చేసి పెట్టుకోండి.

దీక్ష యాప్ పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో నేరుగా ఆ పాఠానికి తీసుకెళ్తుంది, దించుకుని దాచుకోవచ్చు. టీ-శాట్ పాఠాలు తెలుగులో నిండుగా ఉంటాయి గానీ పొడవెక్కువ, తరగతిలో ఎనిమిది, పది నిమిషాల ముక్క వాడి మిగతాది పునశ్చరణకు వదిలేయండి. పిల్లల దగ్గర ఏ పరికరమూ లేకున్నా అందరి జవాబూ తెలియాలంటే ప్లికర్స్ కార్డులు ఉన్నాయి. కాగితం మీద అచ్చువేసిన కార్డును ఏ, బీ, సీ, డీ వైపులకు తిప్పి పట్టుకుంటారు, సార్ ఫోన్ కెమెరా అందరివీ చదివేస్తుంది.

ఊళ్లోనే ఉన్నదానికి తెర వద్దు

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా ఒకేచోట నిలిచే నీడను వీడియోలో చూపించడం కన్నా, నల్లగొండ పిల్లలను నడిపించుకుపోయి చూపించి, తిరిగొచ్చి చెప్పుల డబ్బా, పెన్సిళ్లు, వెదజల్లిన వెలుతురుతో నమూనా చేయించడం వెయ్యి రెట్లు మేలు. ఫ్లోరైడ్ పాఠమూ అంతే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకెకు ఫెట్ గాఢత ప్రయోగం సాయపడుతుంది. కానీ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి లోకమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. బీకరులో పటిక, సున్నం వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగడం పిల్లలు కళ్లారా చూడాలి.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చెట్టుకు తెర, యాత్ర రెండూ కావాలి. లోపల నిలబడితే అడవిలా కనపడుతుంది, ఒకే చెట్టని పిల్లలు నమ్మరు. ముందు పైనుంచి తీసిన దృశ్యం చూపించి, తర్వాత తీసుకెళ్తే ఊడల సంగతి పట్టుబడుతుంది. బస్సు పోలేని చోటికి, అంటే సముద్రగర్భానికి, కణం లోపలికి, అంతరిక్షానికి తెరను దాచుకోండి.

ఎవరికి ఏది

| మీ పరిస్థితి | మొదట తీసుకోవాల్సింది | ఇప్పటికి ఆపాల్సింది |
|---|---|---|
| ఒకరిద్దరు టీచర్ల ప్రాథమిక బడి | 43 అంగుళాల టీవీ, పెన్‌డ్రైవ్, స్పీకర్. పిల్లలు పది అడుగుల లోపే కూర్చోవాలి | హెడ్‌సెట్లు, ప్రొజెక్టర్ |
| ప్యానెల్ లేని జడ్పీ హైస్కూలు | 65 అంగుళాల టీవీ, ల్యాప్‌టాప్, ఇన్వర్టర్ | సొంత డబ్బుతో ప్యానెల్ |
| ప్యానెల్ ఉన్న హైస్కూలు | ఇన్వర్టర్, స్పీకర్, ఫెట్ ఫైళ్ల భండారం | ఇంకో తెర |
| గురుకులం, కేజీబీవీ | ఆఫ్‌లైన్ సర్వర్, పది ట్యాబ్‌లు. హాల్లో ప్రొజెక్టర్ | తరగతికో హెడ్‌సెట్ |
| పెద్ద ప్రైవేటు బడి | పై వాటి తర్వాత రెండు హెడ్‌సెట్లు, టీవీ మీద కూడా కనపడేలా | 30 హెడ్‌సెట్ల ల్యాబ్ ప్యాకేజీ |

ఒకరిద్దరు టీచర్ల బడిలో ఒక ప్రమాదముంది. రెండు తరగతులు ఒకే గదిలో ఉంటే, ఒక తరగతికి పాఠం చెప్తూ ఇంకో తరగతిని టీవీకి అప్పజెప్పాలనిపిస్తుంది. పది నిమిషాలు దాటితే ఆ శబ్దానికి రెండు తరగతులూ పోతాయి. వీడియో ఐదు నిమిషాలు, ఆపై పావుగంట రాత పని ఇస్తే కుదురుతుంది.

గురుకులాలకు సర్వర్ అన్నది ఎందుకంటే అక్కడ సాయంత్రం చదువు గంటలు ఉంటాయి, అందరూ అక్కడే ఉంటారు. రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్‌లో నెట్టు లేకుండా పాఠాలు అందించే కొలిబ్రి గానీ, వికీపీడియాను నెట్టు లేకుండా చదివించే కివిక్స్ గానీ వేస్తే, అదే వైఫై ఇచ్చి ట్యాబ్‌లకు పాఠాలు అందిస్తుంది. తెలుగు వికీపీడియా మొత్తం అందులో పడుతుంది. కొలిబ్రిలో ఏ చానల్ దించే ముందైనా తెలుగు ఎంతుందో చూసుకోండి, ఎక్కువ భాగం ఇంగ్లిషే. అందరూ ఒకేసారి వీడియో తెరిస్తే అది నత్తనడక నడుస్తుంది, చదివే పాఠాలకు, అభ్యాసాలకు బాగుంటుంది. కరెంటు ఠక్కున పోతే మెమరీ కార్డు పాడవుతుంది కాబట్టి చిన్న యూపీఎస్ మీద పెట్టండి, ఆ కార్డుకు నకలు ఒకటి తీసి బీరువాలో ఉంచండి.

ప్రైవేటు బడుల యాజమాన్యాలకు ఒక మాట. వీఆర్ ల్యాబ్ ప్యాకేజీ అమ్మేవాళ్లు డెమోలో చూపించే డైనోసార్‌ను చూసి సంతకం పెట్టవద్దు. మన ఎనిమిదో తరగతి పుస్తకంలోంచి మూడు పాఠాల పేర్లు ఇచ్చి, వాటినే చూపించమనండి. ఏటేటా కట్టాల్సిన చందా ఎంత, కట్టడం ఆపితే పరికరంలో ఏం మిగులుతుంది, తెలుగు వ్యాఖ్యానం ఉందా అని కాగితం మీద రాయించుకోండి.

ఏది కొన్నా బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ తేదీ ఉండాలి. రిపేరుకు మనిషి బడికే వస్తాడా, లేక మనమే పరికరాన్ని హైదరాబాద్ మోయాలా అన్నది ముందే అడగండి. 75 అంగుళాల ప్యానెల్‌ను ఆటోలో పంపలేం. రిమోట్, తీగలు, పెన్‌డ్రైవ్ ఒకే డబ్బాలో ఉండాలి. దాని తాళంచెవి హెచ్చెం గారి టేబుల్ సొరుగులో కాకుండా, మొదటి పిరియడ్‌కు ముందే బడికి వచ్చే ఇద్దరు టీచర్ల దగ్గర చెరొకటి ఉండాలి. తాళం దొరకక ఆగిపోయే పాఠాలు కరెంటు లేక ఆగేవాటి కన్నా తక్కువేం కాదు.